వద్దన్నా లేచే గేటు

పోయిన వారం మామని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? పిచ్చుక అనే అమ్మాయి బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పెద్దమనిషికి వారం రోజులుగా కుర్చీ కూడా చూపించలేదు. చేతిలో పసుపు హెల్మెట్టు, కళ్ళ కింద నల్లటి చారలు, నోట ఒకటే మాట: "నేను నో అనే కొట్టానమ్మా."

ఏం కొట్టాడో, ఎందుకు కొట్టాడో ఇంకోసారి చెప్పుకుందాం, లేకపోతే ఈ వారం సంగతి తలా తోకా లేకుండా పోతుంది. ఊరికి నీళ్ళిచ్చే సంస్థ అది. కొండ మీద జలాశయం, దానికో ఇనప గేటు, గేటు దగ్గర్నుంచి శుద్ధి కేంద్రం దాకా మనిషి నిటారుగా నడిచి వెళ్ళగలిగినంత పెద్ద పైపు. ఏడాదికోసారి గేటు దించేసి, పైపు ఖాళీ చేసి, లోపలికి వెల్డర్లని పంపి చిల్లులు పూడుస్తారు. గేటుని లేపడం, దించడం కంప్యూటర్లో కమాండు కొట్టి చేస్తారు. ప్రతి షిఫ్టు మొదట్లోనూ ఆపరేటరు ఒక 'ఉత్తుత్తి' చేయాలి. అంటే గేటు లేపే కమాండే కొడతాడు కానీ, 'లైవ్' అనే చోట నిజంగా లేపొద్దని చెబుతాడు. గేటు కదలదు. తీగలూ మోటారూ సరిగ్గా పలుకుతున్నాయో లేదో మాత్రం తెలుస్తుంది. పాత ఆపరేటరు మామ, సెలవు నుంచి వచ్చిన మొదటి రోజు అలాగే ఉత్తుత్తి చేశాడు. గేటు నిజంగానే లేవబోయింది! అడ్డంగా దిగ్గొట్టిన ఇనప పిన్ను ఆపింది కాబట్టి, పైపులో అప్పటికి ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. విచారణలో ప్రోగ్రాములు రాసే పిచ్చుక లేచి నిలబడి, "ప్రోగ్రాములో తప్పు లేదు, నేను పరీక్ష చేశాను" అంది. అయితే తప్పు ముసలాయన వేలిదే అన్నారు అందరూ. మామని పని మానిపించి ఇంట్లో కూర్చోబెట్టారు.

ఇదీ సంగతి. ఇక కుర్చీ ఇద్దాం.

"కూర్చో మామా," అంది పిచ్చుక.

"కూర్చోడానికి రాలేదమ్మాయ్. ఒక్కసారి నా ఎదురుగా కొట్టి చూడు. తప్పు నాదే అని తేలితే ఈ హెల్మెట్టు ఇక్కడే పెట్టేసి పోతా. మళ్ళీ నీకు నా ముఖం చూపించను."

పిచ్చుకకి విసుగొచ్చింది. జాలి కూడా వేసింది. పిచ్చుక అనే పేరు పెట్టింది వాళ్ళ అన్నయ్య, చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కిచకిచలాడేదని. ఆ అన్నయ్యే ఇదే సంస్థలో వెల్డరుగా చేరి, ఆఫీసు ఆఫీసంతా ఆ పేరు చాటింపు వేశాడు. ఇప్పుడు పెద్దసారు కోపంలో కూడా పిచ్చుకా అనే పిలుస్తారు. ఇవాళ అన్నయ్య పైపులోకి దిగే రోజు. పొద్దున టిఫిను దగ్గర కూర్చోబెట్టి జాగ్రత్తలన్నీ అప్పజెప్పి మరీ పంపింది. అన్నయ్య నవ్వి, "నీ కమాండ్ల కన్నా మీ వదిన కమాండే గట్టిదే తల్లీ, అది విన్నాక ఇంక నాకేమీ భయం లేదు" అన్నాడు. వదిన గరిటె చూపించింది. అందరూ నవ్వుకున్నారు.

ఈయన తృప్తి కోసం ఒకసారి కొట్టేస్తే పోతుంది అనుకుని పిచ్చుక తన బల్ల మీది కంప్యూటరు ముందుకి లాక్కుంది. దానికి అసలు గేటు తగిలించి లేదు. గేటులా నటించే చిన్న ప్రోగ్రాము మాత్రం ఉంది, పరీక్షలకి.

"చెప్పు మామా, ఆ రోజు ఎలా కొట్టావో అలాగే చెప్పు."

"గేట్ ఓపెన్. పక్కన లైవ్. దాని పక్కన నో."

"మిగతావాళ్ళు లైవ్ అనే ముక్కే రాయరు తెలుసా? రాయకపోతే నో కిందే లెక్క."

"వాళ్ళ సంగతి నాకెందుకు? మన మనసులో మాట మెషీనుకి ఎలా తెలుస్తుంది? వద్దనుకుంటే నోరు తెరిచి వద్దని చెప్పాలి. నాకు అలా చెప్పకుండా వదిలేయడం చేతకాదు."

పిచ్చుక నవ్వుతూనే కొట్టింది. గేట్ ఓపెన్, లైవ్, నో. ఎంటర్ నొక్కింది.

తెర మీద ఒక వరుస వచ్చింది. 'లైవ్. గేటు లేస్తోంది.'

పిచ్చుక నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది. తప్పు కొట్టానేమో అనుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టింది. గేటు లేస్తోంది. లైవ్ అనే ముక్క తీసేసి కొట్టింది. 'ఉత్తుత్తి. గేటు కదలలేదు.' మళ్ళీ లైవ్ నో అని పెట్టింది. గేటు లేస్తోంది. నో బదులు మామ అని కొట్టింది. లైవ్, మామ. గేటు లేస్తోంది.

"నా పేరు చెప్పినా లేస్తోందే!" అన్నాడు మామ. నవ్వుదామనుకున్నాడు కానీ, పిల్ల ముఖం చూసి మానేశాడు.

ఆమెకి అర్థమైపోయింది. ఒక్కసారిగా, మొత్తం.

ఈ కమాండ్లు పిచ్చుక చేత్తో రాసినవి కావు. గేట్లూ మోటార్లూ నడిపే అసలు ప్రోగ్రాము ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిపోయారు. దాన్ని వాడాలంటే ఆపరేటర్లు ప్రతిసారీ పిచ్చుకకి ఫోను చేయాల్సి వచ్చేది. అందులోని ఒక్కో పనికి ఒక్కో కమాండు కూర్చుని రాయాలంటే నెలలు పడుతుంది. అందుకని ఆమె ఒక పనిముట్టు పట్టుకొచ్చింది. పాత ప్రోగ్రామంతా అదే చదువుకుని, అందులో ఏయే పనులున్నాయో, ఒక్కో పనికి ఏమేం చెప్పాలో చూసుకుని, కమాండ్లన్నీ దానంతట అదే తయారుచేసి పెడుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం టీ వేళకి అన్నీ సిద్ధం. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. పెద్దసారు భుజం తట్టారు. అది ఏం తయారుచేసిందో ఒక్కొక్కటీ విప్పి చూడాలని పిచ్చుకకి తోచలేదు. తోచలేదనడం కూడా మర్యాదకే. బద్ధకించింది.

ఆ పనిముట్టుకి లైవ్ అన్నది అవునా కాదా అని తేల్చుకునే చోటు అని తెలుసు. కానీ అక్కడ మనిషి కొట్టిన మాట ఏమిటో అది చదవదు. గిన్నెలో ఏముందో చూడకుండా, గిన్నె ఖాళీయా కాదా అని మాత్రం చూస్తుంది. ఖాళీగా ఉంటే కాదు. ఏదున్నా అవును. నో అన్నా అవునే, వద్దన్నా అవునే, మామ అన్నా అవునే. పరీక్ష చేసిన రోజు పిచ్చుక ఏమీ రాయకుండా చూసింది, యెస్ అని రాసి చూసింది. నో అని కొట్టి చూడలేదు. రాయకపోతేనే నో అయినప్పుడు, పనిగట్టుకుని నో అని ఎవరు కొడతారు?

జాగ్రత్త ఉన్నవాడు కొడతాడు. మామ కొట్టాడు.

"నీ తప్పు కాదు మామా," అంది. "నాది."

అప్పటిదాకా నిలబడ్డ మామ కాస్తా నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని దాన్నే నిమురుతూ ఉండిపోయాడు. "మా ఇంట్లోవాళ్ళు కూడా నమ్మలేదమ్మా," అన్నాడు. "కళ్ళు మసకబారాయి నాన్నా, ఒప్పేసుకో అన్నాడు మావాడు."

ఇంకో రోజైతే పిచ్చుక ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేదే. కానీ ఆమె చూపు గోడ మీద పడింది. అక్కడ కొత్త నోటీసు అతికించి ఉంది. విచారణ అయ్యాక పెద్దసారు, "ఇక ముందు ఇలా జరగకుండా ఏం చేద్దాం?" అని అడిగితే తనే చెప్పింది. ఆపరేటర్లు అందరూ ఉత్తుత్తి చేసేటప్పుడు 'లైవ్ నో' అని తప్పనిసరిగా రాయాలి, రాయకుండా వదలకూడదు అని. భేషుగ్గా ఉందన్నారు పెద్దసారు. నోటీసు ఈ మధ్యాహ్నం షిఫ్టు నుంచే అమలు.



ఆ రోజు గేటుని ఆపి వంగిపోయిన పిన్ను తీసేశారు, కొత్తది ఇంకా లేత్ మిషను మీదే ఉంది. నీళ్ళ కోసం ఊరు గోల పెడుతోందని, పిన్ను లేకుండానే మనుషుల్ని పైపులోకి దింపారు. గేటుకీ వాళ్ళకీ మధ్య ఇప్పుడు ఇనుము లేదు. పిచ్చుక ప్రోగ్రాము ఉంది. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యే వేళయింది.

"అన్నయ్య లోపలున్నాడు," అంది.

మామ లేచాడు. ఇంక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. పిచ్చుక కంట్రోలు రూముకి ఫోను చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. రిసీవరు బల్ల మీద పడేసి పరుగెత్తింది. మెట్ల మీద ఎవరో టీ కప్పులు పట్టుకుని వస్తుంటే తోసుకుంటూ దిగింది. వెనక నుంచి ఏదో తిట్టు వినపడింది. ఆవరణలో కొత్తగా పోసిన కంకర. చెప్పు ఒకటి జారిపోయింది, వదిలేసింది. దేవుడా, వాడు ఇంకా టీ తాగుతూ ఉండాలి, వాడికి బద్ధకంగా ఉండాలి, వాడు ఇవాళ ఆలస్యంగా వచ్చి ఉండాలి అని, మామ బదులు వేసిన కొత్త ఆపరేటరు గురించి మొక్కుకుంటూ పరుగెత్తింది. ఎప్పుడు చూసినా వాడు టైముకి రాడని విసుక్కునే మనిషే ఈమె.

తలుపు తోసేసరికి వాడు టైముకే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నాడు, పక్కన పెద్దసారు నిలబడి ఉన్నారు మరి. కొత్త పద్ధతికి మొదటి రోజు కదా, తన కళ్ళతో చూడాలని ఆయనే దిగొచ్చారు. తెర మీద వరుస కొట్టేసి ఉంది. గేట్ ఓపెన్, లైవ్, నో. వాడి వేలు ఎంటర్ మీద ఉంది.

"ఆపు!"

పిచ్చుక వాడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. కుర్చీతో సహా వెనక్కి వచ్చాడు.

"ఏంటక్కా! నో అనే కొట్టాను, కావాలంటే చూడు!"

"అందుకేరా ఆపమంది! ముట్టుకోకు. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

"పిచ్చుకా!" పెద్దసారు ముఖం ఎర్రబడింది. "మతి ఉండే చేస్తున్నావా?"

"సార్, నో అని కొడితే అది నో కాదు. యెస్. ఏం కొట్టినా యెస్సే. ఏమీ కొట్టకపోతేనే నో." ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పింది. "మామ తప్పు లేదు. ఆయన సరిగ్గానే కొట్టాడు. నేను తెచ్చిన పనిముట్టు తప్పు. ఇప్పుడే చూశాను, మామ కూడా చూశాడు."

మామ అప్పుడే గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని రొప్పుతున్నాడు. పెద్దసారు ఆయన్ని చూశారు, మళ్ళీ పిచ్చుకని చూశారు.

"విచారణలో ప్రోగ్రాములో తప్పు లేదని చెప్పింది ఎవరు?"

"నేనే సార్."

"అందరూ నో అని రాయాలని నోటీసు పెట్టించింది ఎవరు?"

"నేనే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు చెబుతున్నదీ నేనే. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి. ముందు వాళ్ళని పైకి పిలవండి."

పెద్దసారు ముఖంలో ఎరుపు కొంచెం కొంచెంగా దిగిపోయి, తెల్లబడింది. పిన్ను లేకుండా దింపమని అనుమతి ఇచ్చింది ఆయనే. ఆ మాట ఎవరూ అనలేదు, ఆయనకి మాత్రం వినపడినట్టుంది. కొత్త ఆపరేటరు భుజం మీదుగా వంగి, తెర మీది వరుసని తన వేలితోనే ఒక్కో అక్షరం చెరిపేశారు. నో పోయింది. లైవ్ పోయింది. ఓపెన్ పోయింది. తెర ఖాళీ అయ్యాక గానీ ఆయన ఊపిరి వదల్లేదు.

హమ్మయ్య అనుకుంది పిచ్చుక.

"ఇది ఈ గది దాటకూడదు," అన్నారు పెద్దసారు గొంతు తగ్గించి. "సాయంత్రం వాళ్ళంతా పని ముగించుకుని పైకి వస్తారు. అప్పుడు తీరిగ్గా..."

"ముందు మనుషుల్ని పైకి రానివ్వండి సార్, పరువు సంగతి తరువాత చూసుకోవచ్చు," అన్నాడు మామ. ఇన్నాళ్ళ సర్వీసులో ఆయన పెద్దసారు మాటకి అడ్డం రావడం అదే మొదలు. "అంతదాకా కరెంటు తెగ్గొట్టే ఎర్ర గుండీ లాగేద్దాం. మోటారు చచ్చి ఊరుకుంటుంది."

"లాగితే? గేటు మోటారూ, పైపులో దీపాలూ, గాలి కొట్టే ఫ్యానూ అన్నీ ఒకటే లైను. చీకట్లో, గాలి లేకుండా ఉంచుతావా వాళ్ళని?"

మామకి ఆ సంగతి తెలియనిది కాదు. అయినా వెళ్ళి గోడకున్న ఎర్ర గుండీ పక్కనే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కదల్లేదు.

"సరే, పిలుద్దాం," అన్నారు పెద్దసారు చివరికి. "పైపు ఫోను కలుపు."

కొత్త ఆపరేటరు చెయ్యి చాచి, మధ్యలో ఆగిపోయాడు. "అక్కా," అన్నాడు. "మరి గేటు గుడిసెలో?"

"గుడిసెలో ఏంటి?"

"కొండ మీద, గేటు పక్కన గుడిసె. అక్కడి కంప్యూటర్లో కూడా ఇవే కమాండ్లు పెట్టావు కదా?"

"అక్కడెవరూ ఉత్తుత్తి చేయరు," అన్నారు పెద్దసారు. "అది ఇక్కడి పని. ఎవరైనా ప్రత్యేకంగా చెబితే తప్ప కాపలావాడు ఆ కంప్యూటరు వంక చూడను కూడా చూడడు."

ఎవరైనా ప్రత్యేకంగా చెబితే తప్ప.

పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున టిఫిను ప్లేటు, వదిన గరిటె, అన్నయ్య నవ్వు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తను అన్న మాట ఉన్నదున్నట్టు చెవిలో వినపడింది. "ఎందుకైనా మంచిది అన్నయ్యా, భోజనం చేసి మళ్ళీ లోపలికి దిగాక, గుడిసెలో అతనితో కూడా ఒక ఉత్తుత్తి కొట్టించు. ఊరికే కాదు, లైవ్ నో అని రాయించు. నా మీద ఒట్టు."

పైపు ఫోను మోగింది.

కొత్త ఆపరేటరు ఎత్తేలోపే పిచ్చుక లాక్కుంది. "అన్నయ్యా! నువ్వేనా?"

"పిచ్చుకా? నువ్వేంటే కంట్రోలు రూములో?" పైపులో నుంచి వచ్చే గొంతు, ప్రతి మాటా రెండుసార్లు వినపడుతోంది. "సర్లే, మంచిదైంది. చెప్పు మీ వదినకి, చెల్లెలి మాట కూడా వింటానని. మనవాళ్ళంతా దిగేశారు. గుడిసెలో అతనికి చెప్పే వచ్చా. మేం దిగి నిలబడగానే కొట్టమన్నా..."

"వద్దని చెప్పు! బయటికి వచ్చెయ్యి! అందర్నీ లాక్కుని వచ్చెయ్యి అన్నయ్యా!"

"ఏంటే, మెల్లిగా. ఇక్కడ అంతా గింగురుమంటోంది. ఏం వద్దు?"

"కొట్టొద్దని చెప్పు!"

"ఓ, అదా. కొట్టేసి ఉంటాడే. నో అనే కొట్టమన్నాలే, నీ మీద ఒట్టు కదా."

పెద్దసారు నోటి నుంచి మాట కాని చప్పుడేదో వచ్చింది. పిచ్చుక తలెత్తింది. తెర మూలన గేటు ఎత్తు చూపించే అంకె ఉంటుంది. పొద్దున్నుంచీ సున్నా మీదే ఉన్న అంకె. ఇప్పుడు సున్నా కాదు. చూస్తూ ఉండగానే మళ్ళీ మారింది.

మామ ఎవర్నీ అడగలేదు. రెండు చేతులతో ఎర్ర గుండీ పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగేశాడు. ఎక్కడో దూరంగా ఏదో ధన్‌మని ఆగింది. అంకె నిలిచిపోయింది.

నిలిచిపోయింది కానీ, సున్నాకి రాలేదు. మోటారు చచ్చింది కాబట్టి గేటు ఇక లేవదు. కాబట్టే దిగదు కూడా. లేచిన మేర లేచే ఉండిపోయింది.

పైపు ఫోనుకి దాని బ్యాటరీ దానికి ఉంది. అందుకే అన్నయ్య గొంతు ఇంకా వస్తోంది. అందులో ఇంకా భయం లేదు, కాస్త విసుగు మాత్రం ఉంది.

"పిచ్చుకా, దీపాలు ఆర్పేశారేంటే? కన్ను పొడుచుకున్నా కనపడట్లేదు. వెయ్యమని చెప్పు." ఆగాడు. వెనక ఎవరో ఏదో అడుగుతున్నారు. "ఉండండ్రా, కదలకండి... పిచ్చుకా, నీకేమైనా వినపడుతోందా? పైనుంచి ఏంటా చప్పుడు?"